పాత పేటలో పెద్ద బిల్డింగు లేస్తోందంటే ఎక్కడ మొదలుపెట్టాలి

పాత ఇళ్లున్న వీధిలో ఒకరోజు పొద్దున్నే ఒక స్థలం చుట్టూ రేకులు పాతేస్తారు. లోపల ఏం కడుతున్నారో ఎవరికీ సరిగ్గా తెలియదు. వాచ్‌మన్‌ని అడిగితే "ఏదో మాల్ అంట సార్" అంటాడు, సాయంత్రానికి కాలనీ వాట్సాప్ గ్రూపులో అది పద్నాలుగు అంతస్తులై కూర్చుంటుంది. ఆ టెన్షన్‌లో వందల సంతకాలు పోగవుతాయి, ఎమ్మెల్యేగారికి వినతిపత్రం ఇచ్చి ఫొటో దిగుతారు, పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త వస్తుంది. తర్వాత అందరూ ఎవరి పనుల్లో వాళ్లు పడిపోతారు, జేసీబీ మాత్రం తన పని తను చేసుకుపోతుంది.

జనం బాగానే కలిసొస్తారు, ఆ విషయంలో మనవాళ్లకి వంక పెట్టడానికి లేదు. ఎక్కడ దెబ్బ తింటారంటే, ఫైలు ఎవరూ చూడరు. "మా వీధి అందం పోతుంది" అని రాస్తే టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఆ కాగితాన్ని ఏం చేయాలో ఎవరికీ తెలియదు. "రోడ్డు ఇరవై అడుగులే ఉంది, ప్లాన్‌లో నలభై చూపించారు, ఇదిగో కొలత" అని రాస్తే ఎవరో ఒకరు జవాబు రాయాల్సి వస్తుంది. కింద చెప్పేదంతా ఆ రెండో రకం మాట ఎలా తయారు చేసుకోవాలన్నదే. ఉదాహరణలు హైదరాబాద్‌వి ఇస్తున్నాను. వరంగల్, రాజమండ్రి, విజయవాడ వాళ్లకి ఆఫీసుల పేర్లు, జీవో నంబర్లు మారతాయి, పని జరిగే తీరు దాదాపు ఇంతే.

ఈ మధ్యే జరిగిన రెండు కేసులు

2019 జూన్ 18న తెలంగాణ కేబినెట్ కొత్త అసెంబ్లీ కట్టాలని నిర్ణయించింది, అదీ ఖైరతాబాద్ దగ్గరున్న ఇర్రం మంజిల్ స్థలంలో. నవాబ్ ఫక్రుల్ ముల్క్ 19వ శతాబ్దంలో గుట్ట మీద కట్టించుకున్న ప్యాలెస్ అది. జూన్ 27న ముఖ్యమంత్రి కేసీఆర్ శంకుస్థాపన కూడా చేసేశారు. నవాబు వారసులు, ఇంకొందరు నగరవాసులు హైకోర్టుకి వెళ్లారు. సెప్టెంబరు 16న కోర్టు కేబినెట్ నిర్ణయాన్ని కొట్టేసింది. జోనింగ్ నిబంధనల కింద రక్షణ ఉన్న భవనం కాబట్టి హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి లేకుండా కూల్చడానికి లేదు, ఆ దారిలో ప్రభుత్వం నడవలేదు, అదీ తీర్పులో కీలకం.

అదే జూన్ 27న అదే ముఖ్యమంత్రి కొత్త సెక్రటేరియట్‌కీ శంకుస్థాపన చేశారు. దాని మీదా పిల్స్ (ప్రజా ప్రయోజన వ్యాజ్యాలు) పడ్డాయి, దాని మీదా పేపర్లలో బోలెడు వ్యాసాలు వచ్చాయి. 2020 జూన్ 29న హైకోర్టు అవన్నీ కొట్టేసింది, ఇది ప్రభుత్వ విధాన నిర్ణయం, మేం జోక్యం చేసుకోం అంది. జూలైలో కూల్చివేత మొదలైంది, ఆరో నిజాం కాలం నాటి సైఫాబాద్ ప్యాలెస్, అంటే మనం జీ బ్లాక్ అని పిలిచిన భవనం, దాంతోపాటే పోయింది. కొత్త భవనం 2023 ఏప్రిల్ 30న తెరిచారు.

ఒకే ఊరు, ఒకే ప్రభుత్వం, ఏడాది తేడాలో రెండు తీర్పులు. రెండు చోట్లా పాత కట్టడాన్ని ప్రేమించేవాళ్లు ఉన్నారు. ఇర్రం మంజిల్ వాళ్ల చేతిలో "ఫలానా నిబంధన, ఫలానా అనుమతి, అది తీసుకోలేదు" అని వేలు పెట్టి చూపించగలిగిన చోటు ఒకటి ఉంది. మీరూ మీ కేసులో ముందు వెతకాల్సింది ఆ చోటునే.

మీ వీధికి రక్షణ ఉందా, ఉంటే ఏ రకం

"హెరిటేజ్" అని అందరూ ఒకే గంపలో వేసేస్తారు గానీ చట్టం దగ్గర మూడు వేరు వేరు సంగతులు ఉన్నాయి.

అన్నిటికంటే గట్టిది కేంద్ర పురావస్తు శాఖ, అంటే ఏఎస్‌ఐ చేతిలో ఉన్న కట్టడం. చార్మినార్, గోల్కొండ కోట, వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి, లేపాక్షి గుడి ఇలాంటివి. 1958 చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం రక్షిత ప్రదేశం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, అక్కడ కట్టాలంటే నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ సిఫారసు మీద అనుమతి తెచ్చుకోవాలి. ఈ కొలత గోపురం దగ్గర్నుంచో మినార్ దగ్గర్నుంచో కాదు, రక్షిత ప్రదేశం హద్దు దగ్గర్నుంచి. చాలామంది ఫోన్‌లో మ్యాప్ తెరిచి గుడి మధ్యలో పిన్ను పెట్టి కొలిచి "320 మీటర్లు వచ్చింది, మనకి వర్తించదు" అని వదిలేస్తారు. హద్దు నుంచి కొలిస్తే అదే 260 కావచ్చు. మీ స్థలం ఈ 300 మీటర్లలో పడిందంటే మీ పని సగం తేలికైనట్టే, మొదటి కాగితం ఏఎస్‌ఐ హైదరాబాద్ సర్కిల్‌కి (ఆంధ్రవాళ్లయితే అమరావతి సర్కిల్‌కి) రాయండి. అయితే ఇదే నిబంధన వల్ల వేయిస్తంభాల గుడి చుట్టుపక్కల ఇళ్లవాళ్లు మేడ మీద ఒక గది వేసుకోవడానికి కూడా ఇబ్బంది పడతారు. పది అంతస్తుల మీద కొట్లాడేటప్పుడు మీ పక్కింటాయన చేసిన చిన్న మరమ్మతు కూడా బయటికొస్తుంది, ఆ సంగతి ముందే ఇంట్లో మాట్లాడుకోండి.

రెండోది రాష్ట్రం రక్షించేవి, పట్టణాభివృద్ధి సంస్థ జాబితాలో ఉన్నవి. కుతుబ్‌షాహీ సమాధులు రాష్ట్ర పురావస్తు శాఖ కిందికి వస్తాయి. హైదరాబాద్ నగరానికైతే 1981 జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన ఉండేది, 1995లో దాని కింద భవనాల జాబితా వచ్చింది. నగరంలో బండరాళ్ల గుట్టల్ని కూడా ఆ జాబితాలోకి ఎక్కించుకున్నారు, రాళ్లని కాపాడదామని ఒక సంఘం పెట్టుకుని మరీ వెంటపడ్డారు. 2015 డిసెంబరులో ప్రభుత్వం ఆ 13వ నిబంధన తీసేసింది, 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం తెచ్చింది. ఈ మార్పుల మధ్య ఏ భవనం ఎక్కడుంది అన్నది గందరగోళమే, అందుకే "మా వీధి హెరిటేజ్ జోన్" అని నోటి మాటగా అనకండి. ఏ జీవో, ఏ షెడ్యూల్, ఏ క్రమసంఖ్య అన్నది కాగితం మీద తెచ్చుకోండి. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇన్‌టాక్ సంస్థ హైదరాబాద్ చాప్టర్ వాళ్ల దగ్గర ఇలాంటి విషయాలు తెలిసినవాళ్లు ఉంటారు, వెళ్లి అడిగితే చెబుతారు.

మూడోది, ఏ జాబితాలోనూ లేని ఉత్త పాత వీధి. మనలో ఎక్కువమందిది ఇదే. జాబితాలో లేనంత మాత్రాన చేతులెత్తేయక్కర్లేదు, కానీ అప్పుడు మీ వాదన వారసత్వం మీద నిలబడదు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఫైర్, డ్రైనేజీ, పక్క గోడల భద్రత, వీటి మీద నిలబడాలి. నన్నడిగితే ఈ మూడో రకం వాళ్లే ఒక్కోసారి ఎక్కువ సాధిస్తారు, ఎందుకంటే వాళ్లు కవిత్వం జోలికి వెళ్లరు.

ఫైలు ఎక్కడెక్కడ ఉంటుంది

రేకులు కనపడిన రోజే సైటు బయట బోర్డు ఉందేమో చూడండి. అనుమతి నంబరు, ఎన్ని అంతస్తులు, ఎవరి పేరు మీద, ఇవన్నీ అందరికీ కనపడేలా పెట్టాలి. బోర్డు ఉంటే ఫొటో తీయండి, లేకపోయినా లేదని తెలిసేలా ఫొటో తీయండి.

తెలంగాణలో భవన అనుమతులు ఆన్‌లైన్‌లో నడుస్తున్నాయి, 2020 నుంచి టీజీ బీపాస్ ద్వారా, 2025 నుంచి దాని స్థానంలో వచ్చిన బిల్డ్‌నౌ ద్వారా. చిన్న ఇళ్లకి సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది, పెద్ద వాటికి సింగిల్ విండోలో 21 రోజుల గడువు. ఆ 21 రోజులన్న మాట గుర్తుపెట్టుకోండి. మీరు సంతకాలు పోగేసేలోపు అనుమతి వచ్చేస్తుంది. అందుకే మొదటి అభ్యంతరం నాలుగు లైన్లయినా సరే ఆ వారంలోనే పడాలి, వివరాలు తర్వాత జత చేసుకోవచ్చు.

రెండో చోటు రెరా, అంటే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల్ని నియంత్రించే సంస్థ. 500 చదరపు మీటర్లు దాటిన స్థలమో, ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టో అయితే రెరాలో రిజిస్టర్ చేయకుండా అమ్మకానికి పెట్టకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. రిజిస్టరైతే ప్రాజెక్టు వివరాలు ఆ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. స్థలం మీద కేసులుంటే అవి కూడా బిల్డర్ అక్కడ చెప్పాలి. మీ ఏరియాలో "ప్రీ లాంచ్ ఆఫర్" అని ఏజెంట్లు ఫోన్లు చేస్తున్నారంటే ఆ మెసేజ్‌లు దాచిపెట్టండి, రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మితే అదొక ఉల్లంఘన.

మూడోది పరివేశ్, అంటే పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం నడిపే పోర్టల్. 20,000 చదరపు మీటర్ల నిర్మాణం దాటితే 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. బిల్డింగులకి ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు, అందువల్ల ఇది ఎవరికీ తెలియకుండా దాటిపోతుంది. కానీ దరఖాస్తు, మ్యాపులు, నీళ్లు ఎన్ని వాడతారు, మురుగు ఎటు పంపుతారు అని వాళ్లే రాసిచ్చిన లెక్కలు ఆ పోర్టల్‌లో ఉంటాయి. "పరిసరాల్లో చారిత్రక కట్టడాలేవీ లేవు" అన్నట్టు రాసి ఉంటే, రెండు వందల మీటర్లలో మీ పాత మసీదో గుడో ఉంటే, అంతకంటే మంచి ఆధారం మీకు దొరకదు. ఈ అనుమతి మీద అభ్యంతరముంటే 30 రోజుల్లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌కి వెళ్లాలి, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తారు, అది దాటితే ఇక తలుపు మూసినట్టే. మన రెండు రాష్ట్రాలకీ అది చెన్నై బెంచి.

ఇవేవీ దొరక్కపోతే ఆర్‌టీఐ. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు, జవాబు రాకపోయినా నచ్చకపోయినా మొదటి అప్పీల్. ఇక్కడ ఒక చిట్కా ఉంది. "కాపీలు ఇవ్వండి" అని మాత్రమే రాయకుండా "ఫైలును స్వయంగా పరిశీలించడానికి తేదీ, సమయం ఇవ్వండి" అని కూడా రాయండి, చట్టంలోని 2(జె) ఆ హక్కు ఇస్తుంది. కాపీలిస్తే వాళ్లకి తోచిన పేజీలిస్తారు. ఫైలు ముందు కూర్చుంటే నోట్ షీట్లు కనపడతాయి, ఎవరు ఏ రోజు ఏం రాశారు, ఎవరి అభ్యంతరాన్ని ఎవరు పక్కన పెట్టారు అన్నీ అందులోనే ఉంటాయి. ప్లాన్ చదవడం వచ్చిన ఒక సివిల్ ఇంజనీరునో ఆర్కిటెక్టునో వెంట తీసుకెళ్లండి. ప్రతి కాలనీలో ఒక రిటైర్డ్ ఆర్ అండ్ బీ ఇంజనీరుగారు ఉంటారు, ఆయనకి ఇలాంటి పని అప్పగిస్తే పదేళ్లు చిన్నవారైపోతారు.

టేపు పట్టుకుని వీధిలోకి

ఇది అన్నిటికంటే చవకైన పని, అన్నిటికంటే తక్కువమంది చేసే పని. హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం సైజుకి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) పరిమితి లేదు. ఎంత ఎత్తు కట్టొచ్చు అన్నది ముఖ్యంగా ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు అన్నదాన్ని బట్టి తేలుతుంది. 2012 నాటి జీవో 168లో దానికి పట్టికలు ఉన్నాయి, ఎత్తు పెరిగేకొద్దీ రోడ్డూ సెట్‌బ్యాకూ పెరుగుతూ పోవాలి, హైరైజ్‌కి కనీసం 12 మీటర్ల రోడ్డు ఉండాలి. తర్వాత సవరణలు వచ్చాయి కాబట్టి తాజా పట్టిక దించుకుని చూడండి.

పాత పేటల్లో గొడవంతా ఈ రోడ్డు దగ్గరే. మాస్టర్ ప్లాన్‌లో 40 అడుగులని గీసి ఉంటుంది, అక్కడికి వెళ్తే రెండు ఆటోలు ఎదురెదురు పడితే ఒకటి వెనక్కి పోవాలి. ఇంకా పడని రోడ్డు వెడల్పు చూపించి అనుమతి అడుగుతారు. అందుకని మెయిన్ రోడ్డు నుంచి సైటు దాకా ప్రతి యాభై అడుగులకీ ఒకసారి టేపు పెట్టి కొలవండి, టేపు మీద అంకె కనపడేలా ఫొటో తీయండి, ఎక్కడ సన్నబడిందో మ్యాపు మీద గుర్తు పెట్టండి. ఫైర్ ఇంజిన్ మలుపు తిరగలేని కమాను ఉంటే, కరెంటు తీగలు చేతికి అందేంత కిందికి వేలాడుతుంటే వాటినీ. ఈ కాగితం టౌన్ ప్లానింగ్‌కి ఒకటి, ఫైర్ శాఖకి ఒకటి వెళ్లాలి, ఎందుకంటే ఫైర్ వాళ్ల ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) వేరే ఫైలు.

రెండో పని పాత గోడలది. మట్టితోనో డంగు సున్నంతోనో రాళ్లు పేర్చి కట్టిన ఇళ్లకి లోతైన పునాదులుండవు, అవి పక్క నేలని నమ్ముకుని నిలబడతాయి. పక్కనే రెండు సెల్లార్ల లోతు తవ్వితే, అందులో నీళ్లూరాయని రాత్రీ పగలూ మోటార్లు పెట్టి తోడితే ఆ నేల కుంగుతుంది. హైదరాబాద్‌లో ఇంకో బాధ, కింద బండ తగులుతుంది, దాన్ని పేల్చడమో బ్రేకర్‌తో కొట్టడమో చేస్తారు. ఇల్లు బీటలు వారాక వెళ్తే బిల్డర్ "అవి పాత బీటలండీ" అంటాడు, మీ దగ్గర జవాబు ఉండదు. కాబట్టి తవ్వకానికి ముందే చుట్టుపక్కల ప్రతి ఇల్లూ లోపలా బయటా ఫొటో తీసి, ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు చేత తేదీతో రిపోర్టు రాయించి, కాపీ బిల్డర్‌కీ మున్సిపల్ ఆఫీసుకీ రిజిస్టర్ పోస్టులో పంపండి. ఉన్న బీటల మీద అడ్డంగా సన్నని గాజు ముక్క సిమెంటుతో అతికించి తేదీ రాయండి, గోడ కదిలితే గాజు పగులుతుంది, ఇక వాదనే అక్కర్లేదు. బిల్డింగు ఆగినా ఆగకపోయినా ఈ ఒక్క పని మీ ఇంటిని కాపాడుతుంది, ఇంకేమీ చేయకపోయినా ఇది చేయండి.

ఎవరిని కలుపుకోవాలి

సంఘం రిజిస్టర్ అయి ఉంటే మంచిది, లేకపోతే పదిమంది వ్యక్తులుగా వెళ్లినా చెల్లుతుంది. సంఖ్య కంటే ఎవరెవరు అన్నది చూడండి. సైటుని ఆనుకుని ఉన్న ఇళ్లవాళ్లు కచ్చితంగా ఉండాలి, వాళ్లకి జరిగే నష్టం నేరుగా జరిగేది. ముల్గీల్లో కిరాయికున్న దుకాణదారుల్ని మరిచిపోకండి, ఇలాంటి ప్రాజెక్టుల్లో అందరికంటే ముందు ఖాళీ చేసేది వాళ్లే, అందరికంటే చివర్న వాళ్లని అడుగుతారు. చార్మినార్ చుట్టుపక్కలైతే కరపత్రం తెలుగులోనూ ఉర్దూలోనూ వేయండి. గుడి కమిటీ, మసీదు కమిటీ ఇద్దరూ సంతకం పెట్టిన కాగితానికి ఆఫీసులో వచ్చే మర్యాదే వేరు.

ఇక యజమాని. దేవిడీ (పాతకాలపు పెద్ద ఇల్లు) అమ్మిన కుటుంబాన్ని తిట్టడం చాలా తేలిక. పదిహేనుమంది వాటాదారులు, కారే పైకప్పు, మరమ్మతుకి లక్షలు, సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడు, వాళ్ల దగ్గరికి వచ్చి డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ పెట్టినవాడు బిల్డర్ ఒక్కడే. అంతకు ముందు ఇరవై ఏళ్లు ఆ ఇంటి గురించి మనం ఎవరమూ పట్టించుకోలేదు. వాళ్లతో ఒకసారి మర్యాదగా కూర్చోండి. వారసత్వ కట్టడాన్ని నిలబెడితే టీడీఆర్, అంటే అక్కడ కట్టుకోని నిర్మాణ హక్కుని వేరేచోటికి అమ్ముకునే వీలు, 2012 నిబంధనల్లోనే ఉంది. ముందు భాగం ఉంచి వెనక ఖాళీలో తక్కువ ఎత్తు కట్టుకోవడం ఇంకో దారి. వాటాదారుల్లో ఒకరిద్దరైనా మీ వైపు మాట్లాడితే కథ మారిపోతుంది. ఇర్రం మంజిల్ కేసులో వారసులే పిటిషనర్లు అన్నది గుర్తుందిగా.

ఏం అడుగుతున్నారో ముందే తేల్చుకోండి

"వద్దు" అన్నది కోరిక కిందికి రాదు. ఉస్మానియా ఆసుపత్రి సంగతి చూడండి. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని తిరిగి కట్టుకునే క్రమంలో లేచిన భవనం అది. 2015లో ముఖ్యమంత్రి దాన్ని కూల్చి టవర్లు కడతామన్నప్పుడు వారసత్వం గురించి మాట్లాడేవాళ్లు అడ్డుపడ్డారు, వాళ్లది తప్పని నేనను. కానీ పెచ్చులూడే వార్డుల్లో పనిచేసే డాక్టర్లు, నర్సులు, కింద పడుకున్న రోగులు కొత్త భవనం కావాలన్నారు, వాళ్లదీ తప్పు కాదు. కూల్చలేదు, కట్టలేదు. 2020 జూలైలో వానకి వార్డుల్లోకి మురుగునీళ్లు వచ్చాక పాత భవనం మూసేశారు. చివరికి 2025 జనవరి 31న గోషామహల్ పోలీస్ స్టేడియంలో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. అక్కడి జనం మళ్లీ మాకొద్దన్నారు, అది వేరే సంగతి. స్థలం వేరే చూపించే దాకా పదేళ్లు ఎవరికీ ఏమీ దక్కలేదు.

అందుకని మీ గుంపులో కూర్చుని మూడు మెట్లుగా రాసుకోండి. అన్నిటికంటే ఎక్కువ ఏం కావాలి (ఉదాహరణకి ప్రాజెక్టే వేరేచోటికి), ఏదైతే సరేననుకోవచ్చు (ఎత్తు పక్క మేడలకి సమానంగా, వీధి వైపు పాత ముఖద్వారం అలాగే, ఒక సెల్లార్ తగ్గింపు), ఏది ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదు (గోడల రిపోర్టు, పగటి పూటే తవ్వకం, నష్టానికి రాతపూర్వక హామీ). ఇది బయటికి చెప్పక్కర్లేదు. కానీ బిల్డర్ మనిషి వచ్చి "రండి మాట్లాడుకుందాం" అన్నప్పుడు ఐదుగురు ఐదు మాటలు చెబితే ఆ సాయంత్రానికే గుంపు చీలిపోతుంది. ఎవరో ఒకరికి షాపు ఇస్తానంటాడు, ఇంకొకరికి పార్కింగ్ ఇస్తానంటాడు. మాట్లాడటానికి ఎప్పుడూ ముగ్గురు వెళ్లండి, ఏం మాట్లాడారో అదే రోజు గ్రూపులో రాయండి.

అభ్యంతర పత్రం

పొడుగ్గా రాయకండి. రెండు పేజీలు, జతపత్రాలు ఎన్నైనా. అచ్చంగా ఇలా ఉంటే చాలు:

"విషయం: ఫలానా వార్డు, ఫలానా ఇంటి నంబరు స్థలంలో ప్రతిపాదిత బహుళ అంతస్తుల భవనంపై అభ్యంతరం. అయ్యా, పై స్థలానికి ఆనుకుని ఉన్న ఇళ్లలో మేము నివసిస్తున్నాము. 1. స్థలం ముందు రోడ్డు మేము కొలిచిన మేరకు ఆరు చోట్ల 22 నుంచి 26 అడుగులు మాత్రమే ఉంది (జతపత్రం 1, ఫొటోలు). ప్లాన్‌లో 40 అడుగులుగా చూపినట్లయితే అది వాస్తవం కాదు. 2. స్థలం ఫలానా రక్షిత కట్టడం హద్దు నుంచి 300 మీటర్లలోపు ఉంది (జతపత్రం 2, మ్యాపు). నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ సిఫారసుతో అనుమతి ఉన్నదీ లేనిదీ తెలియజేయగలరు. 3. ఉత్తరం వైపు సున్నపు కట్టడం ఇళ్లకు సెల్లార్ తవ్వకం వల్ల ప్రమాదం ఉందని ఇంజనీరు నివేదిక (జతపత్రం 3). కావున స్థల తనిఖీ మా సమక్షంలో జరిపి, మా అభ్యంతరాలపై నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలిపే వరకు అనుమతి ఇవ్వవద్దని కోరుతున్నాము."

అంకెలు మీవి వేసుకోండి. ఈ పత్రం టౌన్ ప్లానింగ్ ఆఫీసులో ఇచ్చి కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, స్టాంపు వేయించుకోకుండా బయటికి రావద్దు. సార్ లేరు రేపు రమ్మంటే రిజిస్టర్ పోస్టు చేయండి. సోమవారం ప్రజావాణిలో (జనం ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం) కూడా ఇవ్వండి, అక్కడ ఇచ్చే రసీదు నంబరుతో తర్వాత వెంటపడటం సులభం. "అక్రమం", "లంచం", "మాఫియా" లాంటి మాటలు పత్రంలోనూ వద్దు, వాట్సాప్‌లోనూ వద్దు. పరువునష్టం నోటీసు ఒక్కటి వస్తే సగంమంది గ్రూపులోంచి లెఫ్ట్ అయిపోతారు, అది బిల్డర్లకీ తెలుసు.

స్థలం వాడకం మార్చాలని, అంటే నివాస జోన్‌ని కమర్షియల్ చేయమని అడిగి ఉంటే అది మీకు అదృష్టం కిందే లెక్క. దానికి ముసాయిదా ప్రకటన ఇచ్చి జనం అభ్యంతరాలు అడగాల్సిందే. ప్రకటన చిన్న అక్షరాల్లో పేపర్లో వస్తుంది, గడువు కొద్ది రోజులే ఉంటుంది. పేపర్లో ప్రకటనల పేజీ చదివే అలవాటున్న పెద్దాయన ఎవరైనా ఉంటే ఆ పని ఆయనకివ్వండి.

కోర్టు

కోర్టుకి ఆఖర్న వెళ్లాలి కానీ ఆలస్యంగా వెళ్లకూడదు. నాలుగు అంతస్తులు లేచాక వెళ్తే "ఇన్నాళ్లూ ఏం చేశారు" అన్నదే మొదటి ప్రశ్న. అభ్యంతరం ఇచ్చి, గుర్తు చేసి, జవాబు రాలేదని చూపించగలిగితే హైకోర్టులో రిట్ పిటిషన్ వేయొచ్చు. చాలాసార్లు కోర్టు మొదట చెప్పేది "వీళ్ల అభ్యంతరాన్ని విని ఇన్ని వారాల్లో నిర్ణయం తీసుకోండి" అని. అది ఓటమి అనుకోకండి, ఆ ఉత్తర్వు పట్టుకుని వెళ్తే ఇంతకు ముందు కుర్చీ చూపించని ఆఫీసరు పిలిచి మాట్లాడతారు. పిల్ కంటే ఆనుకుని ఉన్న ఇంటివాళ్లు సొంత హక్కు మీద వేసే రిట్ గట్టిగా నిలబడటం ఎక్కువ. మీ ఇంటి నుంచి చార్మినార్ కనపడటం ఆగిపోతుందని మాత్రం వాదించకండి, దృశ్యం మీద మీకు హక్కు లేదు. గాలి, వెలుతురు కావాలంటే సెట్‌బ్యాక్ దారిలో రండి.

ఖర్చు గురించి ముందే ఒక మాట. లాయర్ ఫీజు ఎవరు ఎంత, ఎప్పటిదాకా అన్నది రాసుకుని, ఇద్దరి సంతకంతో నడిచే ఖాతా తెరవండి. కోర్టు కేసుల కంటే చందా లెక్కల దగ్గర విడిపోయిన సంఘాలే ఎక్కువ.

అనుమతి వచ్చేశాక

చాలామంది ఇక్కడ ఆపేస్తారు. అనుమతి ఇచ్చింది ఒక ప్లాన్‌కి, కట్టేది ఇంకొకటి కావడం మన దగ్గర కొత్తేమీ కాదు. మంజూరైన ప్లాన్ కాపీ తెచ్చి ఇంట్లో గోడకి అంటించుకోండి. ప్రతి స్లాబు పడినప్పుడూ ఒకే మేడ మీద, ఒకే చోటు నుంచి ఫొటో తీయండి. సెట్‌బ్యాక్‌లోకి బాల్కనీ వచ్చినా, స్టిల్ట్ పార్కింగ్‌లో (స్తంభాల మధ్య బండ్ల కోసం ఖాళీగా వదిలే కింది అంతస్తు) షాపుల గోడలు లేచినా, లెక్కకి మించి అంతస్తు పడినా ఆ వారంలోనే ఫిర్యాదు ఇచ్చి, జీహెచ్‌ఎంసీ చట్టం 452 సెక్షన్ కింద నోటీసు ఇవ్వమని పేరుపెట్టి అడగండి. ఆలస్యం చేస్తే ఏదో ఒక క్రమబద్ధీకరణ పథకం వస్తుంది. 2015లో వచ్చినదాని పేరు కూడా బీఆర్‌ఎస్సే (బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్), పార్టీ కాదు, దాని మీద కోర్టులో కేసు పడింది. ఇలాంటి పథకం మళ్లీ వస్తుందన్న ఆశతోనే చాలామంది అదనపు అంతస్తు వేస్తారు.

చివరి తాళం ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ, భవనం ప్లాన్ ప్రకారమే పూర్తయిందన్న పత్రం) దగ్గర ఉంటుంది. అనుమతి తీసుకునేటప్పుడు బిల్డర్ నిర్మాణంలో 10 శాతం మున్సిపాలిటీ పేరు మీద తనఖా పెడతాడు, ప్లాన్ ప్రకారం కట్టానని ఓసీ తెచ్చుకుంటేనే అది విడుదలవుతుంది. కరెంటు, నల్లా కనెక్షన్లకి కూడా ఓసీ అడగాలి. కాబట్టి బిల్డింగు పూర్తవడానికి రెండు మూడు నెలల ముందే మీ ఫొటోలు, కొలతలు, ఇన్‌వర్డ్ నంబర్లు అన్నీ ఒక్క కట్టగా చేసి "ఈ ఉల్లంఘనలు సరిచేయకుండా ఓసీ ఇవ్వవద్దు, తనఖా విడుదల చేయవద్దు" అని టౌన్ ప్లానింగ్‌కి, వాటర్ బోర్డుకి, కరెంటు ఆఫీసుకి మూడు కాపీలు ఇవ్వండి. గోడల నష్టపరిహారం ఇంకా తేలకపోతే బిల్డర్ మీతో సరిగ్గా మాట్లాడేది ఈ సమయంలోనే.